ఎగిరే పక్షి ఎవరిది?

కొమ్మ మీద కూర్చున్న కొంగను లేపడానికి కెమెరా ఉన్నవాడు చిన్న రాయి విసిరితే అది హింసేనా? రాయి పక్షికి తగలలేదు. తగలాలని విసిరినవాడూ అనుకోలేదు. అది రెక్కలు విప్పితే ఒక ఫోటో తీసుకోవాలనే కోరిక తప్ప అతని మనసులో మరొకటి లేదు. అయినా ఇందులో శీలానికి సంబంధించిన ప్రశ్న ఉందా?

ఉందనే నా అభిప్రాయం. ప్రశ్న చిన్నదే. కానీ చిన్న పనుల్లోనే మన శీలం ఎక్కువగా బయటపడుతుంది.

1959లో భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన తర్వాత పని వెతుక్కుంటూ ఎన్నో తెలుగు కుటుంబాలు ఇక్కడికి వచ్చాయి. ఆ తాతల మనవల చేతుల్లో ఇప్పుడు కెమెరాలున్నాయి. సెక్టర్ 4లో క్వార్టర్ మేడ ఎక్కితే చాలు, గద్దలు, కొంగలు, పావురాలు కనిపిస్తాయి. కూర్చున్న పక్షిని ఎవరైనా తీయగలరు. ఎగిరే పక్షి అంత తేలిగ్గా దొరకదు. కొత్తవాళ్ళు వంద ఫ్రేములు తీస్తే ఒకటో రెండో నిలుస్తాయి. మిగతావాటిలో తోక ముక్క, మసకబారిన రెక్క, లేకపోతే ఖాళీ ఆకాశం. ఓపిక చచ్చిపోయేది అప్పుడే. చెయ్యి రాయి కోసం వెతికేదీ అప్పుడే.

సిద్ధార్థుడు, దేవదత్తుడు, బాణం తగిలిన పక్షి కథ మనందరికీ తెలిసిందే. బాబాసాహెబ్ అంబేడ్కర్ ‘బుద్ధుడు ఆయన ధమ్మం’లో ఈ కథను చేర్చారు. నేను కొట్టాను కాబట్టి పక్షి నాది అని దేవదత్తుడి వాదన. బతికించినవాడికే దాని మీద హక్కు అని సిద్ధార్థుడి వాదన. తగవు తీర్చినవాడు సిద్ధార్థుడి పక్షాన నిలిచాడు. ఈ కథను మనం సాధారణంగా కరుణకు ఉదాహరణగా చెప్పుకుంటాం. అయితే ఇది హక్కు గురించిన కథ కూడా. బలం ఉన్నంత మాత్రాన, గురి కుదిరినంత మాత్రాన ఒక ప్రాణి మీద హక్కు రాదని అది చెబుతోంది.

బాణం స్థానంలో కెమెరా వస్తే దేవదత్తుడి వాదన పోయిందా? చరిత్రలో ఒక ముచ్చట చూడండి. పక్షులు ఎలా ఎగురుతాయో తెలుసుకోవడానికి 1882లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే ఒక కెమెరా తయారు చేశాడు. దాని ఆకారం అచ్చం తుపాకీయే. భుజానికి ఆనించి, గురిపెట్టి, ట్రిగ్గర్ నొక్కితే సెకనుకు 12 బొమ్మలు పడేవి. ప్రాణం తీసే పనిముట్టు రూపంలోనే ప్రాణం తీయకుండా తెలుసుకునే పనిముట్టు పుట్టింది. అది నిజంగా మంచి మార్పు. ఈరోజుకీ మనం ‘షూట్’ చేశాననే అంటాం. మాట మిగిలితే ఫరవాలేదు, ఆ మాట వెనక వేటగాడి మనసు మిగలకూడదు.

రాయి విసిరినవాడు తాను దేన్నీ చంపలేదంటాడు. నిజమే. కానీ పక్షి ఎందుకు కూర్చుందో అతను ఆలోచించాడా? అది తిండి కోసం పొంచి ఉండవచ్చు, అలసి ఆగి ఉండవచ్చు, గుడ్లు పొదుగుతూ ఉండవచ్చు. ఊరికే లేచిన ప్రతిసారీ అది తిన్న తిండిలోని శక్తి ఖర్చవుతుంది. తల్లి గూడు వదిలిన కొద్ది నిమిషాల్లోనే గుడ్లకు ఎండ తగలవచ్చు, కాకి రావచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లను, గూళ్ళను కదిలించడాన్ని కూడా వేట కిందే లెక్కిస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, పంచశీలలో రెండోది ఇవ్వనిదాన్ని తీసుకోవద్దంటుంది. ఆ పక్షి విశ్రాంతిని మనకు ఎవరిచ్చారు?

రాయి లేకుండా ఫోటో ఎలా వస్తుందని కొత్తవాళ్ళు అడుగుతారు. వస్తుంది. భయపడిన పక్షి భయపెట్టినవాడికి దూరంగా పోతుంది కాబట్టి రాయి విసిరినవాడికి దొరికేది దాని తోకే. తెలుసుకుని కాచుకున్నవాడికి ముఖం దొరుకుతుంది. పక్షులు ఎక్కువగా గాలికి ఎదురుగా లేస్తాయి, ఎదురుగానే వాలతాయి. గాలి ఎటు వీస్తోందో కర్మాగారం పొగగొట్టాలను చూస్తే తెలిసిపోతుంది. గాలీ ఎండా రెండూ మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. లేవబోయే ముందు పక్షి ఒళ్ళు ముందుకు వంచుతుంది, చాలాసార్లు రెట్ట వేస్తుంది. షట్టర్ వేగం సెకనులో 1000వ వంతు నుంచి 2000వ వంతు దాకా ఉంచండి. ఫోకస్ కదిలేదాన్ని వెంటాడే పద్ధతిలో ఉండాలి. మొదట గద్దతో మొదలుపెట్టండి. ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంటే అది రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతుంది, చీలిన తోకను చుక్కానిలా తిప్పుతుంది. కెమెరాతో పాటు మీ నడుమూ దాని వెంట తిరగాలి. ఇది అచ్చంగా స్మృతి సాధనే. మనసు రాబోయే ఫోటో మీదకు పోయిందా, ఎదుట ఉన్న పక్షి తప్పిపోతుంది.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మంచిగా ఉంటే మంచి ఫోటో వస్తుంది కాబట్టి మంచిగా ఉండమని నేను చెప్పడం లేదు. ఒక్కోసారి రాయికే గొప్ప ఫోటో రావచ్చు. చెరువు గట్టున చప్పట్లు కొడితే వందల కొంగలు ఒక్కసారి లేస్తాయి, ఆ దృశ్యం నిజంగా అద్భుతంగా ఉంటుంది. అప్పుడు కూడా చెయ్యి ఆగాలి. లాభం ఉన్నంతకాలమే నిలిచే శీలం శీలం కాదు, లెక్క. కర్మకు మూలం చేతన అన్నాడు బుద్ధుడు. రాయి తగిలిందా లేదా అన్నది తర్వాతి సంగతి. నా ముచ్చట కోసం మరో ప్రాణి భయపడినా సరే అన్న ఆలోచన రాయి చేతిలోకి రాకముందే పుట్టింది.

ప్రజ్ఞ, కరుణ, సమత అని బాబాసాహెబ్ మూడింటిని కలిపి చెప్పారు. ఇక్కడా మూడూ కావాలి. పక్షి అలవాట్లు తెలుసుకోవడం ప్రజ్ఞ. దాన్ని బెదరగొట్టకపోవడం కరుణ. ఎప్పుడు ఎగరాలో నిర్ణయించుకునే హక్కు దానిదేనని ఒప్పుకోవడం సమత. మన తాతముత్తాతలను లే అంటే లేచి, కూర్చో అంటే కూర్చోవలసినవాళ్ళుగా చూసిన సమాజం నుంచి వచ్చాం మనం. ఇంకొకరి ఇష్టానికి కదలడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు ఊరి చెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటాయి. ఊరివాళ్ళు వాటిని తరమరు. రావడమే శుభం అనుకుంటారు. ఆ నమ్మకాన్ని మనం హేతువుతో ప్రశ్నించవచ్చు. వాళ్ళ నడవడిక నుంచి మాత్రం నేర్చుకోవాల్సిందే.

కాబట్టి కెమెరా పట్టిన మిత్రులు ఒక్క నియమం పెట్టుకుంటే చాలు. పక్షి తనంతట తాను ఎగిరితేనే నొక్కండి. సాయంత్రం దాకా అది కదలకపోతే, ఆ రోజుకు ఫోటో లేదనుకుని ఇంటికి వెళ్ళండి.