కావడి మోసే భుజం

వృద్ధాప్యంలో స్మృతిని కోల్పోయిన మనిషి యెడల దయ చూపవలెనని ఎవరికీ బోధింపనక్కరలేదు. అతని దైన్యం కంటికి కనబడుతుంది. కాని అతని ప్రక్కన రాత్రింబవళ్లు కనిపెట్టుకొని ఉండే మనిషి దైన్యం అంత సులభంగా కనబడదు. ఆమె నడుస్తున్నది, మాట్లాడుతున్నది, వచ్చినవారికి మంచినీళ్లు ఇస్తున్నది. కనుక బాగుగానే ఉన్నదని లోకం అనుకొంటుంది. "ఎంత పుణ్యం చేసుకొంటున్నావమ్మా!" అని మెచ్చుకొని తన దారిన తాను పోతుంది. ఆ మెప్పు ఆమె భారాన్ని తగ్గిస్తున్నదా, లేక మెచ్చుకొన్నవారి బాధ్యతను తప్పిస్తున్నదా అన్నదే ఇక్కడ విచారింపదగిన ప్రశ్న.

మన దేశంలో పితృసేవకు ప్రమాణమైన కథ శ్రవణకుమారునిది. అంధులైన తల్లిదండ్రులను కావడిలో మోసిన కొడుకుగా జనశ్రుతి అతనిని కీర్తిస్తున్నది. వాల్మీకి రామాయణంలో ఆ యువకునికి పేరు లేదు. అవసానకాలంలో దశరథుడు కౌసల్యకు ఆ వృత్తాంతం చెబుతాడు. పిల్లలకు ఈ కథ చెప్పే పెద్దలు సాధారణంగా కావడి మహిమ దగ్గర ఆగిపోతారు. ఆలోచింపవలసిన భాగం ఆ తరువాత ఉన్నది. చీకటిలో సరయూనదిలో నీళ్లు ముంచుతున్న కొడుకు బాణం తగిలి కూలినాడు. అతనితోపాటు ఆ వృద్ధ దంపతుల జీవితమూ ముగిసింది. మూడు ప్రాణాలు ఒక్క భుజం మీద ఆధారపడి ఉన్నవి. ఆ భుజం ఒరిగినప్పుడు కావడిని అందుకొనడానికి అరణ్యంలో మరొక మనిషి లేడు. కోట్ల జనం నివసించే ఢిల్లీ పరిసరాలలో ఆ సాకు చెల్లదు.

అయినను అక్కడ జరుగుతున్నది చాలవరకు అదే. ద్వారకలోనో, రోహిణిలోనో, నోయిడాలోని బహుళ అంతస్తుల భవనంలోనో ఒక గది తలుపు లోపలినుంచి తాళం వేసి ఉంటుంది. ఉన్న ఇంటినే తన ఇల్లు కాదని, ఇంటికి పోవలెనని ఒక వృద్ధుడు ఆ తలుపు దగ్గర నిలబడతాడు. గుంటూరునుంచో, కాకినాడనుంచో వచ్చి ప్రభుత్వోద్యోగంలో జీవితమంతా హిందీలో వ్యవహారం నడిపిన మనిషి కావచ్చును. ఈ వ్యాధిలో తరువాత నేర్చిన భాష ముందు జారిపోయి, తల్లిభాష మిగలడం తరచు కనిపించే విషయమే. అప్పుడు జీతానికి కుదిరిన సహాయకురాలికి అతని తెలుగు తెలియదు. అతనికి ఆమె హిందీ అర్థం కాదు. కోడలో, కూతురో, తానే ముసలిదైన భార్యయో ఇద్దరి మధ్య దుబాసిగా కూడ నిలువవలసి వస్తుంది. ఒకే ప్రశ్నకు పదిసార్లు చెప్పిన సమాధానాన్ని పదకొండవసారి కూడ మెత్తగా చెప్పవలె. ఇందుకు కృతజ్ఞత లభించదు. చేయించుకొన్నవానికి చేసినది జ్ఞాపకం ఉండదు. ఇతర సేవలకు సేవ పొందినవాడే సాక్షి. ఈ సేవకు సాక్షి లేడు.

హిందీలో రోగి వెంట ఉండేవానిని 'తీమార్‌దార్' అంటారు. పారసీకంలో 'తీమార్' అనే మాటకు పరిచర్య అనే అర్థమూ ఉన్నది, దుఃఖం అనే అర్థమూ ఉన్నది. పరిచర్య చేసేవాడు దుఃఖాన్ని ధరించేవాడని ఆ ఒక్క మాట చెబుతున్నది. తెలుగులో మనం ఉపచారమనీ, సపర్య అనీ అంటాము. ఈ మాటలలో భక్తి ఉన్నది గాని, చేసేవాని బాధకు చోటు లేదు. బాధకు మాటలో చోటు లేనప్పుడు దానిని చెప్పుకొనడం తప్పుగా తోస్తుంది.

అందుచేతనే సంరక్షకుల మనస్సులో అన్నిటికంటె బరువైనది శ్రమ కాదు, అపరాధభావం. నిద్ర లేని రాత్రి విసుగు వస్తుంది, మాట కటువవుతుంది, "ఇది ఎప్పుడు ముగుస్తుంది?" అన్న తలపు మెదలుతుంది. మరుక్షణం ఆ తలపుకు తానే సిగ్గుపడుతుంది. ఆ తలపు ప్రేమ లేకపోవడంవలన పుట్టినది కాదు, అలసటవలన పుట్టినది. నిస్సహాయుని బాధించే హక్కు అలసట ఎవరికీ ఇవ్వదు, నిజమే. కాని అలసట క్రౌర్యంగా మారకముందే దానిని పంచుకొనడం చుట్టూ ఉన్నవారి ధర్మం. ఆ ధర్మాన్ని మరచి, ఆ తరువాత తీర్పు చెప్పడానికి మాత్రం వచ్చేవారు న్యాయమూర్తులు కారు.

చట్టం కూడ బాధ్యతను ఒకవైపునుంచే చూచినది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమాలకై 2007లో వచ్చిన చట్టం వృద్ధులను వదలిపెట్టినవారికి 3 నెలల వరకు కారాగారమో, 5,000 రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధించినది. అది అవసరమైన చట్టమే. అయితే వదలిపెట్టక మోస్తున్నవారికి ఒక దినం విశ్రాంతి ఎవరు ఇస్తారన్నది వేరే ప్రశ్న. 2019 నాటి జాతీయ కాలవినియోగ సర్వేక్షణలో, ఇంటిలోని పిల్లల, వృద్ధుల, రోగుల సంరక్షణ చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 134 నిమిషాలు, పురుషులు 76 నిమిషాలు అందుకు వెచ్చించినారు. కావడి కొడుకుదని కథ చెబుతున్నది. భుజం ఎక్కువగా స్త్రీదని లెక్క చెబుతున్నది. దేశంలో 60 సంవత్సరాలు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారని 2023లో ప్రచురితమైన అంచనా. ఆ 88 లక్షల వెనుక ఉన్న భుజాల లెక్క అందులో లేదు.

చేయవలసినదేమో సూచించే ఉదాహరణ ఒకటి ఢిల్లీకి సమీపంలోనే ఉన్నది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాలలో ఈ వ్యాధిని పరిశీలించిన భారత, అమెరికా పరిశోధకులకు ఒక చిక్కు వచ్చినది. పాశ్చాత్య దేశాలలో వాడే ప్రశ్నావళి చదువుకొన్నవారికోసం తయారైనది. చదువురాని రైతును ఒక వాక్యం వ్రాయుమంటే, వ్రాయలేకపోవడం మతి పోవడమని లెక్కకు వస్తుంది. కనుక వారు ప్రశ్నలను మార్చినారు. 1995లో ప్రచురితమైన ఆ హిందీ ప్రశ్నావళిలో వాక్యం వ్రాయుమనడానికి బదులు మీ ఇంటిని గురించి ఒక మాట చెప్పుమన్నారు. ఇప్పుడు ప్రొద్దునా, మధ్యాహ్నమా, సాయంకాలమా అని అడిగినారు. అది కేవలం భాషాంతరం కాదు. ఎదుటివాని జీవితంలోకి వెళ్లి అక్కడనుంచి ప్రశ్న అడగడం. సహానుభూతి అంటే అంతకంటె వేరు కాదు.

సంరక్షకుల విషయంలోనూ ప్రశ్న మారవలె. "అమ్మగారు ఎట్లా ఉన్నారు?" అని అందరూ అడుగుతారు. "రాత్రి నీవు నిద్రపోయినావా?" అని ఎవరూ అడగరు. ఈ రెండవ ప్రశ్న అడిగినవాడు సమాధానం విని ఊరకుండలేడు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు తాను వచ్చి కూర్చుంటానని చెప్పవలసి వస్తుంది. దూరదేశంలో ఉన్న తోబుట్టువు డబ్బుతోపాటు సెలవును కూడ పంపవలసి వస్తుంది. ప్రభుత్వం ప్రతి పేటలోను పగటి సంరక్షణకు ఒక చోటు కల్పింపవలసి వస్తుంది. 1992లో కేరళలో ప్రారంభమైన అల్జీమర్స్ సంఘం వంటివి ఆ పనికి పూనుకొన్నవి. ఢిల్లీలో కూడ దానికి శాఖ ఉన్నది. కాని ఒక సంఘం ఎన్ని ఇండ్లకు చాలుతుంది?

సేవను పొగడవద్దని కాదు. పొగడ్త భుజం మార్చుకొనడానికి ముందుమాట కావలె, బదులు కారాదు. కావడిని రెండవ మనిషి అందుకొన్నంత మాత్రాన మొదటివాని పుణ్యం తరిగిపోదు. అతడు ఇంకొంత దూరం నడవగలుగుతాడు, కావడిలో ఉన్నవారు క్షేమంగా ఉంటారు.