మా మాటకు తర్జుమా ఎవరు చేస్తరు?

హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్ 2010లో మొదలైంది. ఏటా చలికాలంలో మూడు రోజులు జరుగుతది. టికెట్టు లేదు, ఎవరైనా పోవచ్చు. ఒక్కో ఏడు ఒక్కో భారతీయ భాషను ముందుకు తెస్తరు, ఒక పరాయి దేశాన్ని అతిథిగా పిలుస్తరు. 2024లోనూ 2025లోనూ హైటెక్ సిటీ దిక్కున సత్వా నాలెడ్జ్ సిటీలో పెట్టిండ్రు. ఇసొంటి సభలు దండగ అనేటోళ్లతో నాకు పొత్తు కుదరదు. నాలుగు భాషలు ఒక్క కాడ కూడితే మంచిదే.

నా ప్రశ్న వేరే. భాషల్ని లెక్కబెట్టేటప్పుడు గీత ఎక్కడ గీస్తున్నరు? రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో 22 భాషలున్నయి. సాహిత్య అకాడెమీ ఇంగ్లీషును, రాజస్థానీని కలిపి 24 అంటది. అందులో తెలుగు ఒకటి. ఒక్కటే! ఆ ఒక్కటిలో మా వాడ మాట ఉన్నట్టా, లేనట్టా?

కొంకణి రాని మనిషి కూడా కొంకణి కవిత చదువుతుంటే చేతులు కట్టుకొని వింటడు. అర్థం కాకపోతే లోటు తనదే అనుకుంటడు. తర్జుమా అడుగుతడు. అదే మనిషి మా అవ్వ మాట్లాడితే నవ్వుతడు, లేకుంటే దిద్దుతడు. అర్థం కాని మాటకిచ్చే మర్యాద అర్థమయ్యే మాటకియ్యడు. ఎందుకని? దూరపు భాష వెనక కులం కండ్లబడదు. మా మాట వెనక నోరు తెరవంగనే కనబడ్తది.

నౌకరీల చేరిన కొత్తల ఒక శిక్షణ తరగతిలో నేను ‘బువ్వ’ అన్న. ‘అన్నం అనాలె సార్, ఇప్పుడు మీరు టీచరు’ అన్నడు పక్క కుర్చీ ఆయన. కోపంతోని కాదు, ప్రేమతోనే అన్నడు. మా ఇంట్ల డిగ్రీ ముఖం చూసిన మొదటోన్ని నేను. ఆ డిగ్రీ దాకా మా అవ్వ నన్ను సాకింది బువ్వ పెట్టే. అన్నం పెట్టి కాదు.

గోగు శ్యామల కథలు తెలంగాణ మాదిగ పలుకుబడిలో పుట్టినయి. 2012లో నవయాన వాటిని ఇంగ్లీషులో వేసింది. ఏనుగంత తండ్రి, బుట్టంత తల్లి అనే మన సామెతే ఆ పుస్తకం పేరు. తమిళంలో బామ ‘కరుక్కు’ 1992లో వచ్చింది, దళితులు మాట్లాడుకునే తమిళంలోనే. 2000లో ఇంగ్లీషుకు పోయింది. పోవాలె, సంతోషం. కాని మా పలుకు పక్క వీధి గడప దాటాల్నంటే ఇంగ్లీషు బట్టలు కట్టుకొని రావాల్నా?

‘అందరికీ తెలిసే ఒక్క భాష ఉండాలె గదా’ అంటరు. ఉండాలె. ఆ మాటను నేను కొట్టెయ్యను. మరి దాని దిక్కు నడవాల్సిందెవరు? జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు పండితుల పద్యాన్నే పట్టి, వాళ్ల మెట్టు మీద నిలబడి మాట్లాడవలసి వచ్చింది. ఇటు నుంచి అటు నడిచినోళ్లు తరానికింతమంది ఉన్నరు. అటు నుంచి మా వాడకు నడిచినోళ్లనూ లెక్కబెట్టుండ్రి.

నా పదో తరగతిలో ఒక బిడ్డ వ్యాసం రాస్తే ‘గిట్ల’, ‘గప్పుడు’ అని రాస్తది. చెయ్యి తిరిగిన రాత. దిద్దకపోతే మార్కులు పోతయి, ఇంటర్ సీటు పోతది. దిద్దితే ఆ సభ గుమ్మానికి కావలోన్ని నేనే అయిత. అందుకని రెండు తీర్లా రాయిస్తున్న, పరీక్షకొకటి, తనకొకటి. ఇది పరిష్కారమని చెప్పను. మొన్న ఆ పిల్లే అడిగింది: ‘సార్, పట్నం పిల్లలు ఒక్కసారి రాస్తే సరిపాయె, నేను రెండుసార్లెందుకు రాయాలె?’

ఈ ఒక్క ప్రశ్న మీద ఆ మూడు రోజుల్లో ఒక పూట పెడితే, బిడ్డను తోలుకొని నేను వస్త. మాట్లాడేది ఆమె. తర్జుమా సంగతి మీరు చూసుకోండ్రి.