ల్యాప్‌టాప్‌లో కరణం

ల్యాప్‌టాప్ కొన్నప్పుడే అందులో కృత్రిమ మేధ అమర్చి రావడం 2024 నుంచి మామూలైంది. ఆ ఏడాది జనవరిలో మైక్రోసాఫ్ట్ విండోస్ కీబోర్డుకు కోపైలట్ మీట చేర్చింది. మే నెలలో, సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ప్రత్యేక చిప్పు ఉన్న కోపైలట్ ప్లస్ రకాలను ప్రకటించింది. అక్టోబరులో ఆపిల్ తన మ్యాక్‌లలో రాతకు సాయపడే సాధనాలు పెట్టింది. ఇవి ఉత్తరానికి చిత్తుప్రతి రాసిపెడతాయి, పొడవాటి నివేదికను నాలుగు ముక్కల్లో చెబుతాయి, మీటింగులో మాటలను అక్షరాల్లో పెడతాయి. గంట పని పది నిమిషాల్లో తెమిలితే ఎవరికి చేదు? కానీ అలా తెమిలిన పనికి కర్త ఎవరు అన్నది పాత ప్రశ్న. దాన్ని మన శాస్త్రాలు ఎప్పుడో పట్టించుకున్నాయి.

వ్యాకరణకర్త పాణిని లెక్కలో, పనిలో స్వతంత్రంగా ఉన్నవాడు కర్త. ఆ పని నెరవేరడానికి అన్నిటికన్నా దగ్గరగా తోడ్పడేది కరణం. గొడ్డలి ఎంత పదునైనా చెట్టు నరికినవాడు వడ్రంగే. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా అయిదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. అంతా తానే చేశానని అనుకునేవాడు సరిగా చూడనివాడని కూడా అంటుంది. అంటే పనిముట్టుకు వాటా ఉందని శాస్త్రం ఒప్పుకుంటుంది, కర్త స్థానం మాత్రం దానికి ఇవ్వదు.

తెలుగువారి చెవికి కరణం అంటే పనిముట్టు కాదు, ఊరి లెక్కలు రాసే ఉద్యోగి. 1984లో ఆ పదవి రద్దయ్యేదాకా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పొలాల లెక్కల పుస్తకం అడంగలు ఆయన చేతిలోదే. చదువురాని రైతు అరుగు కింద గొంతుకూర్చుని, ఎడమచేతి బొటనవేలికి సిరా పూయించుకుని, చూపించిన చోట ముద్ర వేసి, వేలు గోడకు తుడుచుకుని వెళ్లిపోయేవాడు. కాగితం మీద కర్త రైతే. కానీ ఏ సర్వే నంబరుకు ఎంత శిస్తు పడిందో కరణానికే ఎరుక. రాయించుకున్నవాడికి చదవడం రాకపోతే, రాసేవాడే యజమాని అవుతాడు. ల్యాప్‌టాప్ తేల్చి ఇచ్చిన సారాంశాన్ని అసలు నివేదిక తెరవకుండానే పైఅధికారికి పంపే ఉద్యోగి చదువుకున్నవాడే. అయినా అతడు వేస్తున్నది వేలిముద్రే.

వ్యాసుడు ఈ చిక్కును ముందే పసిగట్టినట్టు ఒక కథ ఉంది. మహాభారతం రాసిపెట్టడానికి ఒప్పుకున్న గణపతి, తన గంటం ఆగకూడదని షరతు పెట్టాడు. అర్థం తెలియకుండా ఏదీ రాయకూడదని వ్యాసుడు ఎదురు షరతు పెట్టాడు. పుణేలోని భండార్కర్ సంస్థ తెచ్చిన సంశోధిత ప్రతి ఈ కథను మూలంలో ఉంచలేదు, తర్వాత చేరినదిగా పక్కన పెట్టింది. చేర్చినవాడెవరో గానీ గట్టివాడే. వేగం రాసేవాడి గుణం, అర్థం కర్త పెట్టిన హద్దు. నేటి యంత్రం గణపతి షరతును అవలీలగా నెగ్గుతుంది, గంటం ఆగదు. వ్యాసుడి షరతు దాన్ని తాకదు, ఎందుకంటే అది తర్వాత రాదగిన మాటను లెక్కగట్టి పేర్చుకుంటూ పోతుంది. కాబట్టి ఆ షరతు ఇప్పుడు కీబోర్డు ముందు కూర్చున్న మనిషి మీద పడుతుంది.

ఇక యంత్రం మిగిల్చే సమయం సంగతి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ల మధ్య నుంచి పోగులు నలకలు వదిలి, వరసగా సాగి బయటికి వస్తాయి. తర్వాత గింజ తీసి, వింటితో ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద నూరో నంబరు నూలు దాకా వడుకుతారు. గడియారం పెట్టి చూస్తే ఇంత దండగమారి పని మరొకటి ఉండదు. రాట్నాన్ని నెత్తిన పెట్టుకున్న గాంధీ 1909లో హింద్ స్వరాజ్‌లో యంత్రాలను దుయ్యబట్టారు. అయితే 1924లో తన అభ్యంతరం యంత్రం మీద కాదని, దాని పిచ్చి మీదేనని వివరించి, సింగర్ కుట్టుమిషన్‌కు మినహాయింపు ఇచ్చారు. మనిషి అవయవాలు చచ్చుబడకూడదన్నది ఆయన కొలత. ల్యాప్‌టాప్‌కు ఆ కొలత పెడితే, చచ్చుబడే అవకాశం ఉన్నది వేళ్లు కావు, మనసులో నిలుపుకునే ధారణ.

ధారణ అనగానే విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గుర్తుకు రావాలి. హరికథా పితామహుడిగా పేరుపొంది, 1919లో అక్కడి సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ అయిన ఆయన అవధానాలూ చేశారు. అవధాని, ప్రశ్నలు వేసే పృచ్ఛకుల అడ్డంకుల మధ్య పద్యాలు కట్టి, చివర అన్నిటినీ కాగితం లేకుండా అప్పజెప్పాలి. విండోస్‌లోని రీకాల్ అనే సాధనం తెరను కొద్ది సెకన్లకోసారి ఫొటో తీసి దాచి, అడిగినప్పుడు వెతికి ఇస్తుంది. గోప్యతపై గోల రేగాక దాన్ని వాడేవారు కోరితేనే పనిచేసేలా మార్చారు. రెండూ జ్ఞాపకాలే. కానీ అవధాని ధారణ పద్యాన్ని అవధానిలో ఉంచుతుంది, రీకాల్ పెట్టెలో ఉంచుతుంది. బిల్లులు, పాత ఫైళ్లు పెట్టెలోనే ఉండడం మేలు, అవి కంఠస్థం చేయదగినవి కావు.

భాష దగ్గర ఈ ప్రాంతానికి మరో మెలిక ఉంది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి (1863–1940) సవర గిరిజనుల మధ్య తిరిగి, విని, రాసుకుని 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు తెచ్చారు. ఆ శ్రమ తగ్గించడానికి ఈ యంత్రం అప్పట్లో ఉంటే ఆయన కాదనేవారు కారేమో. కానీ ఆయన జీవితమంతా పోరాడింది, నోటి మాటను తప్పని కొట్టేసే గ్రాంథిక పండితులతో. ఎక్కువ మంది రాసిన దాన్నుంచి నేర్చుకునే దిద్దుబాటు యంత్రం కూడా అలాంటి పండితుడే, కాకపోతే మర్యాదగా దిద్దుతుంది. బొబ్బిలి సంతలోనో, పలాస జీడిపప్పు కార్ఖానాలోనో మనిషి ‘ఏటి’ అన్న చోట అది ‘ఏమిటి’ అని సవరించబోతుంది. అక్కడ ‘వద్దు’ నొక్కాల్సినవాడు కర్త.