ఆధారమునకు ఆధారమేది?

స్వీడను దేశమందలి ఐరన్ గేట్ అను చిన్న సంస్థవారు 2021 ఫిబ్రవరిలో వెలువరించిన వాల్‌హైమ్ అను వీడియో క్రీడలో, మరణించిన వీరుడొకడు, ఇగ్‌డ్రసిల్ అను విశ్వవృక్షపు కొమ్మలతో ముడివడియున్న పదవలోకమున దింపబడి, చింకిబట్టలతో ఆరంభించి, చెట్టు కొట్టి, రాయి మోసి, తలదాచుకొను గూడు తానే కట్టుకొని బ్రదుకవలసియుండును. మా మేనల్లుడు ఆ లోకమున ఒక సరస్సు మీదికి విశాలమైన మంచె నొకదానిని కట్టుచుండగా నేను మూడు సాయంకాలములు వాని ప్రక్కన కూర్చుంటిని. పిల్లవాని ముచ్చట చూతమని కూర్చున్నవాడను, ఆధారమనగా నేమి యను ప్రశ్నతో లేచితిని.

అచట సుత్తె చేతబట్టి ఏ పలకవంక చూచినను దానికొక వర్ణము కానవచ్చును. నేలనంటిన పలక నీలము; దాని నాశ్రయించినది పచ్చన; దూరము పెరిగినకొలది పసుపు, నారింజ, తుదకు ఎరుపు; ఎరుపునకు ఆవల ఇంకొకటి చేర్చబోయినచో అది ఫెళ్లున విరిగి నీటబడును. కొయ్యకు నిలువుగా పోవునప్పటికంటె అడ్డముగా పోవునప్పుడు బలము త్వరగా క్షీణించును. రాయి నిలువున లేవగలదు గాని అడ్డముగా చాచుటకు దానికి దాదాపు శక్తియే లేదు. ఇనుము తొడిగిన దూలము మాత్రము ఎటుపోయినను చాల దూరము నిలుచును.

ఒడ్డున నీలముగానున్న పలకయు, నడినీటిపై ఎఱ్ఱబారిన పలకయు ఒకే కొయ్య, ఒకే కొలత. "ఇంకొక్కటి వేస్తే పడిపోతుంది మామయ్యా" అని వాడు చేయి ఆపెను. పిదప పొడవైన దుంగ నొకదానిని ఆ ఎఱ్ఱని పలక క్రింద నిలువుగా దించి, దాని మొన సరస్సు అడుగును తాకునట్లు నిలిపెను. మరుక్షణము ఆ పలక పచ్చబడెను. దానిని వాడు తాకనైన లేదు; దానియందేమియు మారలేదు. నేలతో దానికి గల దూరమొక్కటియే మారినది. బలము వస్తువునందుండు గుణమని నేనింతకాలము తలచుచుంటిని. అది సంబంధమునందున్నదని, పునాదినుండి బయలుదేరి చేయిమారిన కొలది తరుగుచు వచ్చునదని, ఆ వర్ణపరివర్తనము నాకు కన్నులకు కట్టినట్లు చూపెను.

అట్లయిన నేల కేది ఆధారము? ఆ క్రీడ ఈ ప్రశ్న నడుగనీయదు. నీలము దగ్గర లెక్క ఆగిపోవును. జనకుని సభలో గార్గి మాత్రము ఆగలేదు. ఇది దేనియందు పడుగు పేకలుగా అల్లబడియున్నది, అది మఱి దేనియందు, అని లోకముమీద లోకముగా అడుగుచు పోగా, యాజ్ఞవల్క్యుడు ఇక నతిప్రశ్న వలదని వారించెను. ఆమె మరల లేచి అడిగి, అక్షరము, అనగా నశింపనిది, అను సమాధానమును రాబట్టినదాక విడువలేదు. భాస్కరాచార్యుడు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణియందు ఈ చిక్కునే గణకుని దృష్టితో విప్పెను. భూమిని మోయున దొకటి కలదన్నచో దానిని మోయున దింకొకటి కావలయును, దానికి మరియొకటి, ఇది అనవస్థ. ఎక్కడనో ఒకచోట తనంత తాను నిలుచునది యున్నదని ఒప్పుకొనక తప్పనప్పుడు, ఆ గౌరవమును మొదటనే భూమికేల ఈయరాదని ఆయన వాదము. ఎనిమిదివందల యేండ్ల క్రిందట ఇంత నిర్భయముగా ఆలోచించిన బుద్ధికి చేతులు జోడింపక యుండలేను.

అయినను ఆ క్రీడయందు నాకు వెలితిగా తోచినది వేరొకటి కలదు. అచట ఆధారమున్నది గాని భారము లేదు. దుంగ తనపై నేమున్నదో ఎరుగదు. ఒక పలక నిలిపినను, నూరు నిలిపినను దానికొకటే. వైశేషికులు పతనమునకు గురుత్వము కారణమనియు, సంయోగము దానికి ప్రతిబంధకమనియు చెప్పిరి. ఈ లోకమున సంయోగమున్నది, పతనమున్నది, గురుత్వము లేదు! 2013లో వెలువడిన సెవెన్ డేస్ టు డై అను క్రీడలో దిమ్మెలకు బరువున్నది. అడ్డముగా చాచిన కట్టడము మోయగలిగిన మేరకు మించి మోసినచో కూలును. మైన్‌క్రాఫ్టునందు చెట్టు మొదలు నరికినను కొమ్మలు గాలిలో నిలిచియుండును, ఇసుకవంటి కొన్ని తప్ప మిగిలిన వేవియు పడవు. ఈ మూడింటిలో మనము బ్రదుకు లోకమునకు రెండవదియే సన్నిహితమని నా యభిప్రాయము. ధర్మ శబ్దము ధృ ధాతువునుండి పుట్టినది. ధరించుట యనగా అంటియుండుట మాత్రమే కాదు, మోయుట. మా తాతగారి పూరింట నడుమనుండిన నిట్రాడు మూడు తరముల అరచేతుల రాపిడికి అద్దమువలె నునుపుదేరియుండెను. గాలివాన రాత్రులయందు అది కిఱ్ఱుమని మూలుగగా మా అమ్మమ్మ లేచి వచ్చి దానిమీద చేయివేసి నిలుచుండెడిది. ఆ మూలుగు వినరాని స్తంభమును నేను స్తంభమని పూర్తిగా ఒప్పుకొనజాలను.

మూడవనాటికి మంచె పూర్తియై, దానిపై రెండంతస్తుల కొయ్యయిల్లు లేచినది. అన్నియు పచ్చగనే యున్నవి. అయినను వాడు నడిదుంగ చుట్టును మరి నాలుగు దుంగలు దించుచుండెను. ఏల యని యడిగితిని.

"వేయకపోయినా పడదు మామయ్యా. కానీ ఇంత ఇల్లూ ఆ ఒక్క గుంజ మీదే ఉంటే చూడలేకపోతున్నాను" అనుచు, తల యెత్తకయే, వాడు అయిదవదానికై కొయ్య తెచ్చుటకు అడవివైపు పోయెను.