ఒకే పాట, పలు పాఠములు

ఒకసారి కొన్న పాటనే మరల కొనువానిని చూచి లోకము లోభి యనును. కాదేని, గడచిన కాలమును పట్టుకొని వ్రేలాడువాడనును. బీటిల్స్ వారి పాత ఆల్బములు వినైల్ రికార్డులుగా పునర్ముద్రణ పొందినప్పుడెల్ల వానిని సేకరించు అలవాటు గల నేను ఈ రెండు మాటలను చిరకాలముగా విచారించుచున్నాను.

1967లో వెలువడిన ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’నే చూడుడు. ఆనాడు ఇంగ్లండులోని ఇండ్లలో ఎక్కువగా నుండినవి ఒకే స్పీకరు గల రికార్డు ప్లేయర్లగుటచే, బీటిల్స్ నలుగురును నిర్మాత జార్జి మార్టిన్‌తోడను ఇంజనీరు జెఫ్ ఎమెరిక్‌తోడను కూర్చుండి, ఏ వాద్యమెంత వినబడవలెనో, ఏ గొంతెచ్చట లేవవలెనో తేల్చుకొని, మిక్కిలి శ్రద్ధతో సిద్ధపరచినది ఒకే స్పీకరునకు తగిన మోనో మిక్సు; రెండు స్పీకర్లకు తగిన స్టీరియో మిక్సు ఆ నలుగురి పరోక్షమున కొలది దినములలో ముగిసినది. అయినను కాలక్రమమున ప్రామాణికమై నిలిచినది స్టీరియోయే. ‘షీ ఈజ్ లీవింగ్ హోమ్’ అను పాట మోనోలో హెచ్చు శ్రుతిలో, ఒకింత వేగముగా సాగును. స్టీరియోలో శ్రుతి దిగి, నడక మందగించి, ఇల్లు విడిచిపోవు ఆ పిల్ల అడుగులే బరువెక్కినట్లు తోచును. పాట యొక్కటే, దుఃఖము రెండు విధములు.

2012లో పునర్ముద్రణములుగా వచ్చిన స్టీరియో రికార్డులకు డిజిటల్ ప్రతులే ఆధారములు. 2014లో మోనో ఆల్బములను వెలువరించునపుడు మాత్రము షాన్ మెగీ, స్టీవ్ బెర్కోవిట్జ్ అను ఇరువురు ఆబీ రోడ్ స్టూడియోలో మాతృక టేపులనే వెలికి తీసి, తొలి ముద్రణల రికార్డులను, ఆనాటి ఇంజనీర్లు వ్రాసియుంచిన సూచనలను దగ్గర నుంచుకొని, ధ్వనిని ఎచ్చటను అంకెలుగా మార్చక, రికార్డుల అచ్చునకు మూలమగు లాకరు డిస్కుపై నేరుగా గాడిగా కోసిరి. ‘సార్జెంట్ పెప్పర్స్’ తుదిని పియానో నాదము అణగారిన పిమ్మట, ముల్లు లోపలి గాడిలో చిక్కుకొని, అర్థము లేని మాటల తునుక నొకదానిని తిరిగి తిరిగి పలికించును. ముల్లును పైకెత్తినగాని అది యాగదు. 1987 నాటి సీడీలో దానిని కొన్నిమారులు వినిపించి మెల్లగా అణచివేసిరి. వినువాని చేయి సోకినగాని ముగియని ఆ ముగింపు రికార్డునకే చెల్లినది.

ఇట్లు పాఠములను పోల్చి చూచుట మనకు కొత్త కాదు; సి.పి. బ్రౌను మన కావ్యముల తాళపత్రప్రతులను పెక్కింటిని సేకరించి, పండితులచే వానిని పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఒక్క ప్రతితో తృప్తి చెందనివానికే పాఠాంతరమనునది కంటబడును. మోనో స్టీరియోలను పక్కపక్కన నుంచుకొని వినువాడు చేయుపనియు నట్టిదే. పునర్ముద్రణమున వ్యాపారము లేదని నేననను; 180 గ్రాముల రికార్డు, దళసరి అట్ట, అందమైన పెట్టె — ఇవన్నియు ఆశను రేపుటకే యున్నవి. కాని వర్తకుని లాభాపేక్షయే మూలప్రతిని భద్రపరచినవారి శ్రమను మన యింటికి చేర్చినపుడు, ఆ శ్రమ విలువ తగ్గదు.

మరి లోభమునకును శ్రద్ధకును ఎల్ల యెచ్చట? లోభికి వస్తువు చేతికందుటతో పని ముగియును. శ్రద్ధాళువునకు అప్పుడే పని మొదలగును. కంఠస్థమైన పాటయందును తాను విననిదేదో మిగిలియున్నదని నమ్మి, మరల మొదటినుండి చెవియొగ్గుటకు సిద్ధపడుట ప్రేమకు లక్షణము. గతమును పట్టుకొని వ్రేలాడువానికి అట్టి నమ్మకముండదు, వానికి గతము ఎన్నడో ముగిసిపోయినది. కొత్త ప్రతి వచ్చిన పిమ్మట పాత ప్రతిని గూడ మరల వినబుద్ధి పుట్టెనేని ఆ కొనుగోలు సార్థకము. సీలు విప్పని రికార్డు ఎంత వెలకు కొన్నదైనను, దానిని నా సంగ్రహములోనిదని చెప్పుకొనుటకు నాకు మనసొప్పదు.