అమ్మడి కొలత

కోనసీమలో కాలవ గట్టు మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక రైతు. పదెకరాల మాగాణి, పాడి పశువులు, పెరట్లో కొబ్బరి చెట్లు, వీధి వసారా పక్కన ఒక గాదె. అంతకు మించి కలిగినవాడు కాడు. అతనికి మూడింతలు భూమి ఉన్నవాళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నారు. అయినా ఆకలితో వచ్చిన పరాయి మనిషికి ఏ ఇల్లు చూపించాలో ఊరందరికీ తెలుసు.

అతనికి ఇద్దరు కొడుకుల తర్వాత ఒక కూతురు పుట్టింది. పెట్టిన పేరు ఏదో ఉంది గానీ ఇంట్లోనూ ఊళ్ళోనూ అందరికీ ఆమె అమ్మడే. మధ్యాహ్నం పీట వేసి విస్తరి పరిచాక ఆ రైతు వెంటనే కూర్చునేవాడు కాదు. "అమ్మడూ, వీధిలోకి ఓసారి చూసిరా తల్లీ" అనేవాడు. అమ్మడు పరుగెత్తుకెళ్ళి గుమ్మంలో నిలబడి కాలవ వైపు ఒకసారీ, రావిచెట్టు వైపు ఒకసారీ చూసేది. రేవు దాటి వచ్చిన బాటసారో, మలారం భుజాన వేసుకుని తిరిగే గాజులాయనో, ఎండకి అరుగు మీద కూలబడ్డ ముసలమ్మో కనిపిస్తే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేది. "ఎవరూ లేరు నాన్నా" అని కూతురు చెప్పాక గానీ అతను ముద్ద కలిపేవాడు కాదు.

అన్నం సంగతి అది. అసలు కథ గాదె దగ్గర నడిచింది.

భాద్రపదం వచ్చేసరికి కూలి జనం ఇళ్ళల్లో గింజలు నిండుకునేవి. సార్వా పంట చేతికి రావడానికి ఇంకా నెలలు పడుతుంది. షావుకారు దగ్గరికి వెళితే తూముకి తూమున్నర రాయించుకుంటాడు. ఈ రైతు వడ్డీ అడిగేవాడు కాదు. ఎంత తీసుకుంటే అంతే, పంటకి తెచ్చి పోస్తే చాలు. అయినా పుచ్చుకునేవాడికి సిగ్గు సిగ్గే. గోనెసంచి మడిచి చంకలో పెట్టుకుని, పొద్దుగూకాక, వీధిలో ఎవరూ లేనప్పుడు వచ్చేవాళ్ళు. అతను వాళ్ళని వరసలు పెట్టి పిలిచేవాడు. "రా మావా, కూర్చో" అని వానల గురించీ, ఈనిన గేదె గురించీ మాట్లాడేవాడు. అడగాల్సిన మాట వాళ్ళ నోట రాకముందే "అమ్మడూ, కుంచం పట్రా" అని కేకేసేవాడు.

కొలిచేది అమ్మడే. ఆరేళ్ళ పిల్ల. గాదెలో మోకాళ్ళ మీద కూర్చుని ఇత్తడి కుంచాన్ని ధాన్యంలోకి పొడిచి, ఒళ్ళోకి లాక్కుని, గడ్డం ఆనించి పైకి లేపేది. పెద్దవాళ్ళయితే అంచు మీద అరచెయ్యి ఆడించి సమం చేస్తారు. అమ్మడికి ఆ పని రాదు. పొర్లిపోతున్న కుంచాన్ని అలాగే తెచ్చి గోనెలో కుమ్మరించేది. మొదటి కుంచానికి అందరూ అన్నట్టే "లాభం" అనేది. తర్వాత "రెండు". ఈలోగా దీపం మీద పురుగు వాలేది, లేదంటే తండ్రి వెంట వచ్చి గోనె మూతి పట్టుకున్న కుర్రాడు నవ్వేవాడు. లెక్క తప్పేది. "లాభం, రెండు, రెండు, మూడు, రెండు..." ఇలా సాగేది. నాలుగు కుంచాలు పొయ్యమంటే ఆరు పడేవి. ఒక్కోరోజు ఏడు. తండ్రి గాదె వైపు వీపు పెట్టి వసారాలో కబుర్లు చెబుతూ ఉండేవాడు. పుస్తకంలో మాత్రం నాలుగే రాసేవాడు.

"బాబూ, అమ్మాయిగారు లెక్క తప్పారండి" అని ఎవరైనా అంటే, "చిన్నపిల్ల కదా మావా. పోసింది మళ్ళీ తీస్తే ఏడుస్తుంది, పోనీ" అనేవాడు.

భార్య మాత్రం ఊరుకునేది కాదు. "మీరు కొలవచ్చు, పెద్దాడు కొలవచ్చు. ఈ పసిదాని చేతికి కుంచం ఇవ్వడమేమిటి? గాదె అడుగు కనిపిస్తోంది" అనేది. "ఆడపిల్ల కదే, చేతికి కొలతలు అలవాటు కావాలి" అని అతను నవ్వేసేవాడు.

పదేళ్ళు వచ్చేసరికి అమ్మడికి లెక్కలు వచ్చాయి. ఒక సాయంత్రం కుంచం అంచు సమం చేసి మరీ "లాభం, రెండు, మూడు, నాలుగు" అని ఆపింది. నాన్న మెచ్చుకుంటాడని తలెత్తి చూసింది. "బాగా కొలిచావు తల్లీ" అన్నాడు తండ్రి. మర్నాటి నుంచి కుంచం పక్కింటి అయిదేళ్ళ పిల్లవాడి చేతికి ఇచ్చాడు.

అమ్మడికి ఏడుపొచ్చింది. "సరిగ్గానే కొలిచాను కదా నాన్నా?"

"సరిగ్గా కొలిచావు, అందుకేనమ్మా." కూతుర్ని వసారా మెట్టు మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "నేను రెండు కుంచాలు ఎక్కువ పోస్తే అది నేను చేసిన ఉపకారం అవుతుంది. ఆ మనిషి ఇంటికెళ్ళినా దాన్ని మోస్తూనే ఉంటాడు. నేను ఎదురుపడితే సందులోకి తప్పుకుంటాడు. చిన్నపిల్ల చెయ్యి తప్పితే అది ఎవరి ఉపకారమూ కాదు. దానికి బాకీ లేదు."

అమ్మడు ఆ రాత్రంతా ఆలోచించింది. మర్నాడు సాయంత్రం వచ్చి, "కుంచం నాకే ఇవ్వు నాన్నా, నాకు లెక్క తప్పడం వచ్చు" అంది.

పెళ్ళయి వెళ్ళేదాకా ఆ ఇంట్లో కొలిచింది ఆమే. పాపం ఆ పిల్లకి ఎంత వయసొచ్చినా లెక్కలు రాలేదని ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడ్డప్పుడు తండ్రీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. తన పెళ్ళి కబుర్లూ, కట్నకానుకలూ మరిచిపోయిన వయసులో కూడా ఆమెకి ఆ చూపులు గుర్తుండేవి.

తండ్రి పోయాక అన్నలిద్దరూ పొలం పంచుకున్నారు. ఆమె కుంచం అడిగి తెచ్చుకుంది.

ఆమె అత్తవారిది లంక గ్రామం. ఒక ఏడాది గోదావరికి పెద్ద వరద వచ్చింది. పంట పోయింది, గాదెలో ధాన్యం నాని మొలకెత్తింది, భర్త జ్వరంతో మంచం పట్టాడు. ముసలి మావగారిని వెంటబెట్టుకుని, గోనెసంచి చంకలో పెట్టుకుని, పొద్దుగూకాక ఆమె మెరక మీద ఉన్న ఒక రైతు ఇంటికి వెళ్ళింది. ఆ రైతు మావగారిని వసారాలో కూర్చోబెట్టి వరద సంగతులు మొదలుపెట్టాడు. అడగకముందే లోపలికి కేకేసి తన చిన్న కొడుకుని పిలిచాడు. పిల్లవాడు కుంచం రెండు చేతులా పట్టుకుని గాదెలోకి దూరాడు.

"లాభం" అన్నాడు. "రెండు" అన్నాడు. మళ్ళీ "రెండు" అన్నాడు.

గోనె మూతి పట్టుకున్న ఆమె చేతులు వణికాయి. తలెత్తి చూస్తే ఆ రైతు గాదె వైపు వీపు పెట్టి మాట్లాడుతున్నాడు. పుచ్చుకునే వైపు నిలబడి తండ్రిని చూడటం ఆమెకి అదే మొదటిసారి. ఆ రైతు ఏ ఊరి నుంచి వచ్చి లంకలో స్థిరపడ్డాడో, ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నాడో ఆమె అడగలేదు. లెక్క తప్పిందనీ చెప్పలేదు. చెబితే ఆ పిల్లవాడు ఏడుస్తాడు.

ఈ కథ నేను అల్లింది. కానీ ఇలాంటి తండ్రీ కూతుళ్ళు ఆ గోదావరి గడ్డ మీదే ఉన్నారు. వాళ్ళ గురించి చెబితేనే కథలో నీతి తేటపడుతుంది.

మండపేటలో అనుపిండి భవానీశంకరం గారని ఒక గృహస్థు ఉండేవారు. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు అన్నం పెట్టేవారు కాబట్టి జనం ఆయన అసలు పేరు పక్కన పెట్టి బువ్వన్న అని పిలిచారు. 1841లో ఆయన ఇంట పుట్టిన అమ్మాయి సీతమ్మ. తల్లి చిన్నప్పుడే పోయిందనీ, ఇంటి బాధ్యత ఆ పిల్ల చేతి మీదే పడిందనీ చెబుతారు. లంకల గన్నవరానికి చెందిన పండితుడు డొక్కా జోగన్న గారు ఒక ప్రయాణంలో ఆ ఇంట అతిథిగా భోజనం చేశారట. వడ్డించిన ఆ అమ్మాయి వినయం చూసి పెళ్ళి చేసుకున్నారట. అంటే బువ్వన్న ఇంటి పంక్తి నుంచే ఆమె నేరుగా అత్తవారింటికి నడిచింది.

లంకల గన్నవరం వైనతేయ పాయ ఒడ్డున ఉంది. ఆ రోజుల్లో పడవలో దాటి వచ్చేవాళ్ళూ, దాటాల్సినవాళ్ళూ ఆ ఊళ్ళో ఆగక తప్పేది కాదు. ఏ వేళప్పుడు వచ్చి తలుపు తట్టినా డొక్కా వారి ఇంట్లో అన్నం ఉండేది. 1909లో కన్నుమూసేదాకా సీతమ్మ గారు అదే పనిలో ఉన్నారు. ఆవిడకి అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఎన్నాళ్ళుగానో కోరిక. ఎట్టకేలకు పల్లకీలో బయల్దేరారు. దారిలో ఎదురుపడ్డ ప్రయాణికులు ఆకలితో ఏడుస్తున్న పిల్లల్ని "గన్నవరం వచ్చేస్తోంది, సీతమ్మ గారింట్లో అన్నం తిందురుగాని" అని ఊరడించడం వినిపించింది. ఆవిడ పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్ళకంటే ముందు ఇంటికి చేరి పొయ్యి వెలిగించారు. కోనసీమలో ఈ సంగతి తెలియని ఇల్లు ఉండదు. ఆ మాటలు చెవిన పడగానే ఆమెని వెనక్కి లాగింది పుట్టింటి అలవాటే అని నా నమ్మకం. స్వామి దర్శనం ఎంత పుణ్యమో ఆమెకి తెలుసు. ఆకలిగా ఉన్నవాడు గుమ్మంలోకి వచ్చేసరికి లోపల మనిషి ఉండాలన్నది అంతకంటే ముందు, మండపేటలో తండ్రిని చూస్తూనే తెలుసు.

ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం సందర్భంగా 1903లో ఢిల్లీలో జరిగిన వేడుకకి ఆవిడని పిలిచారనీ, ఆవిడ వెళ్ళలేదనీ, అందుకని ఆవిడ ఫొటో తీయించి తీసుకెళ్ళి కుర్చీలో పెట్టారనీ అంటారు. నాకు ఇందులో నచ్చేది రాజు పిలుపు కాదు, ఆవిడ వెళ్ళకపోవడం. పెట్టిన అన్నానికి పేరు ఎందుకన్నది ఆవిడ మాటగా చెబుతారు. ఇప్పుడు నాలుగు బియ్యం సంచులు పంచినా పుచ్చుకునేవాళ్ళని వరసలో నిలబెట్టి ఫొటో తీసుకుంటున్నాం. ఆ ఫొటోలో తల వంచుకుని నిలబడ్డ మనిషిని చూస్తే నాకు బాధేస్తుంది. ఆ మనిషికి కూడా ఇంట్లో ఒక కూతురు ఉండి ఉంటుంది, ఆ ఫొటో చూస్తుంది.

కథలోని రైతు ధాన్యం ఇచ్చాడు, దాంతో పాటు ఎదుటివాడి పరువూ కాపాడాడు. దానికి కూతురి చేతిని అడ్డం పెట్టుకున్నాడు. అందువల్ల ఇద్దరికి మేలు జరిగింది. వచ్చినవాడు తల ఎత్తుకుని వెళ్ళాడు. పిల్లకి ఇవ్వడం అంటే ఏమిటో మాటల కంటే ముందే వేళ్ళకి తెలిసింది. దానగుణం గురించి పిల్లలకి ఎన్ని చెప్పినా చెవుల దగ్గరే ఆగిపోతుంది. కుంచం మోసిన బరువు చేతులకి గుర్తుంటుంది. గోదావరి జిల్లాల్లో పెద్దవయసు ఆడవాళ్ళని వాళ్ళ నాన్నగారి గురించి అడిగి చూడండి. ఆయన కొన్న పొలాల గురించి ఎవరూ మొదలుపెట్టరు. "మా నాన్న ఇంటికొచ్చిన మనిషిని ఉత్తి కడుపుతో పంపేవాడు కాదు" అనే మొదలుపెడతారు. "నేనే వడ్డించేదాన్ని" అన్న మాట కూడా ఆ వెంటనే వస్తుంది.

ఇవాళ మనం ఇవ్వడం లేదని కాదు. ఇచ్చేది ఫోన్లో నొక్కి ఇస్తున్నాం. అవసరం చెప్పుకోవడానికి ఎవరైనా ఇంటికి వస్తే పిల్లల్ని గదిలోకి వెళ్ళి చదువుకోమంటున్నాం. నాన్న ఎంత మంచివాడో ఆ తలుపు అవతల ఉన్న పిల్లకి ఎలా తెలుస్తుంది? ఆమె పెద్దదై నాన్నని తలుచుకోవాలంటే ఏం మిగులుతుంది?

వైనతేయ మీద గన్నవరం దగ్గర కట్టిన కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టింది. మండపేట బువ్వన్న పేరు మీద ఏ వంతెనా లేకపోయినా, ఆయన పెంచిన చెయ్యి పేరు చెప్పుకుని లక్షలమంది పిల్లలు రోజూ అన్నం తింటున్నారు.

ఈ ఆదివారం మీ ఇంటికి ఎవరైనా భోజనానికి వస్తే గరిటె మీ అమ్మాయి చేతికివ్వండి. నెయ్యి నాలుగు చుక్కలు ఎక్కువ పడితే పడనివ్వండి, దిద్దకండి.