చెమట ఒక్కటేనా?



మొన్న ఒక ఇంటిని దీవించడానికి వెళ్ళాను. ఆ ఇంటి అబ్బాయి టీవీ ముందు నిలబడి, చిన్న పరికరం ఒకటి చేతబట్టి గాలిలో విసురుతూ టెన్నిస్ ఆడుతున్నాడు. "ఎండలోకి వెళ్ళకుండానే చెమట పడుతోంది ఫాదర్ గారూ! ఇదీ ఆటే కదండీ?" అన్నది తల్లి. నాకు వెంటనే సమాధానం తోచలేదు.

ప్రశ్న న్యాయమైనదే. ఈ తరహా ఆటలను 2006లో జపాను కంపెనీ నింటెండో తన 'వీ' యంత్రంతో ఇంటింటికీ చేర్చింది. మరుసటి ఏడాదే లివర్‌పూల్ పరిశోధకులు 13-15 ఏళ్ళ పిల్లలను పరీక్షించారు. కూర్చుని ఆడే వీడియో ఆటలకంటె వీటిలో శక్తి ఎక్కువ ఖర్చవుతుందనీ, అసలు ఆటకు మాత్రం సాటి రాదనీ తేల్చారు. కనుక యంత్రాన్ని నిందించనక్కరలేదు. ఇల్లు కదలలేని వారికి అది మేలే చేయవచ్చు.

అయితే ఆటకు కొలత చెమట ఒక్కటేనా? మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట ఆడబిడ్డ కరణం మల్లీశ్వరిని తలచుకోండి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు ఆమెకు లొంగలేదు. ఇనుముకు మొగమాటం లేదు. ఆ క్షణాన్ని తిరిగి మొదలుపెట్టే మీటా లేదు. టీవీ ఆటలో మంచం మీద కూర్చుని మణికట్టు తిప్పినా బంతి వెళుతుంది. ఓడితే మీట నొక్కితే సరి. పడినప్పుడు చేయందించే తోటివాడు అక్కడ లేడు.

ఆత్మ, శరీరం కలిసి ఒకే మనిషి అని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. అందుకే మైదానంలో దేహం నేర్చిన ఓర్పు, నియమం, ఓటమిని ఒప్పుకొనే నిజాయితీ మనసుకూ అబ్బుతాయి. పునీత పౌలు విశ్వాసులకు పరుగుపందెగాని శిక్షణను ఉదాహరణగా చూపినది ఊరకే కాదు.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. ఒకప్పుడు మా గుడి ఆవరణలో పిల్లలు ఆడుకునేవారు. బంతి తగిలి కిటికీ అద్దం పగిలిందని 'ఇచ్చట ఆటలు ఆడరాదు' అని బోర్డు పెట్టించినది నేనే. ఇప్పుడక్కడ మోటారు సైకిళ్ళు నిలుపుతున్నారు. ఆడుకునే నేలను మనమే తీసుకొని, పిల్లలు టీవీకి అతుక్కుపోయారని నిందించడం ఏమి ధర్మం?

బోర్డు తీయించాను. ఆదివారం పూజ తరువాత ఆ అబ్బాయిని రమ్మన్నాను. అద్దం పగిలితే మళ్ళీ వేయించుకుందాం. మరి మీ వీధిలో పిల్లలకు ఎంత నేల మిగిలింది?